తోడుకొచ్చిన పద్మ

సంధ్యారాణి బొమ్మలు నేర్చుకుంటానన్నప్పుడు ఇంట్లో ఎవరూ కాదనలేదు. కాదంటే పోట్లాడి ఉండేది. వాళ్లు నవ్వారు.

"ఇప్పుడా?" అన్నాడు భర్త వెంకట్రాజం, టీ సాసర్‌లో పోసుకుంటూ. "పోరని ఇంజనీరింగ్ అయిపాయె. ఇప్పుడు నువ్వు పలక బట్టుకోని బడికి పోతవా?"

"పోత. నక్కలగుట్టల ఒక రిటైర్డు డ్రాయింగ్ మాస్టర్ నేర్పుతాండట. శనివారం, ఆదివారం. పెద్దోళ్లకే, మొదటిసంది."

వాళ్ల ఇల్లు కొత్తవాడలో. మామ బతికున్న రోజుల్లో ముందు గదిలో జంపఖానాల మగ్గాలుండేవి. ఇప్పుడు మగ్గాలు లేవు. అన్నదమ్ములు వెంకట్రాజం, ఓంప్రకాశ్ ఇద్దరూ కలిసి హన్మకొండలో దుప్పట్లు, జంపఖానాలు, కర్టెన్ల దుకాణం నడుపుతున్నారు. ఇద్దరి సంసారాలూ ఒకే వంటింట్లో. ఆ వంటింటికి పెద్ద కోడలు సంధ్యారాణి, చిన్న కోడలు పద్మ.

సంధ్యారాణికి ఈ కోరిక కొత్తగా పుట్టింది కాదు. పాలకుర్తిలో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు బడికి ఒక డ్రాయింగ్ మాస్టర్ వచ్చాడు. ఒక్క ఏడాదే ఉన్నాడు. ఆమె నోట్సులో గీసిన నెమలిని చూసి, అమ్మాయి చేత ప్రభుత్వం పెట్టే డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్ష రాయించమని ఇంటికొచ్చి చెప్పాడు. పరీక్షకు వరంగల్ రావాలి. "తోలుకపోయేటోళ్లు ఎవరున్నరు సార్?" అన్నాడు నాన్న. అంతటితో ఆ మాట ముగిసింది. కానీ సంధ్యారాణికి ముగియలేదు. ఆ రోజు నన్ను ఆపకపోయి ఉంటే, అన్న మాటను ఆమె నగలా దాచుకుంది. పెళ్లిలో, పురుళ్లలో, దుకాణం గిరాకీ లేక ఇల్లంతా మూతి ముడుచుకున్న రోజుల్లో దాన్ని తీసి ఒకసారి చూసుకునేది. తనలో ఒక మనిషి ఉంది, ఎవరూ బయటికి రానివ్వలేదు, అంతే.

"పోతే పో," అంది అత్త మల్లవ్వ, మంచం మీద నుంచి. "ఒక్కదానివే అంత దూరం ఆటోల ఎందుకు పోవుడు? పద్మను తోలుకపో."

పద్మ గిన్నెలు తోముతోంది. ఆమెను ఎవరూ అడగలేదు.

"నేనేం చేస్త అక్కా ఆడ?" అంది తర్వాత, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "నేను ముగ్గు పెడ్తెనే వంకర పోతది."

"ఊకె కూసో. నాకు తోడుంటవు."

సార్ పేరు కృష్ణమోహన్. డెబ్బై దాటిన మనిషి. మేడ మీద పెద్ద హాలు, నాలుగు వైపులా కిటికీలు, కింద చాపలు, కొన్ని కుర్చీలు. ఓ మూలన ఆయన భార్య కూరగాయలు తరుగుతూనో పూలు కడుతూనో క్లాసు అయ్యేదాకా అక్కడే ఉండేది. మధ్యలో అందరికీ టీ ఇచ్చేది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలో బ్యాంకులో రిటైరైన ఒకాయన, ముగ్గురు నలుగురు కాలేజీ పిల్లలు ఉన్నారు.

సంధ్యారాణి అన్నీ కొనుక్కుని వెళ్లింది. రకరకాల పెన్సిళ్లు, మెత్తటి రబ్బరు, క్లిప్పు ఉన్న అట్ట, మందంపాటి కాగితాలు. సార్ ఒక స్టూలు మీద ఇత్తడి చెంబు పెట్టి, "చెంబు ఎట్ల ఉంటదో మీ అందరికి ఎరుకే. ఆ ఎరుకను జర పక్కకు పెట్టి, ఇప్పుడు ఈడ కనవడేది గీయండి," అన్నాడు. గోడకు ఆనుకుని కూర్చున్న పద్మ వైపు చూసి, "మీరెందుకమ్మా ఖాళీగ కూసున్నరు?" అంటూ ఒక కాగితం, ఒక పెన్సిల్ ఇచ్చాడు.

సంధ్యారాణి వెంటనే మొదలుపెట్టింది. మూతి, మెడ, పొట్ట, అడుగు. రెండు వైపులూ సమంగా వచ్చేదాకా చెరిపి చెరిపి గీసింది. ఆ చెంబు ఎప్పుడో కిందపడి ఒక పక్క సొట్ట పోయింది. బాగుండదని ఆ సొట్టను ఆమె గీయలేదు.

పద్మ చాలాసేపు ఏమీ గీయలేదు. మిగతావాళ్లు సగం అవగొట్టేదాకా చెంబునే చూస్తూ కూర్చుంది. ఆమె మొదట గీసింది ఆ సొట్టనే. తర్వాత దాని చుట్టూ చెంబు వచ్చింది. ఆ గీతల్లో తడబాటు ఉంది, ఒకచోట మూతి పక్కకు జారింది కూడా. అయినా ఆ కాగితం మీది చెంబును చేత్తో పట్టుకుంటే చల్లగా తగులుతుందనిపించేలా ఉంది.

సార్ ఆమె వెనక ఆగాడు. చాలాసేపు ఆగాడు. ఆ కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి చూశాడు.

"ఇంతకుముందు ఎక్కడ నేర్చుకున్నరు?"

"ఎక్కడ లేదు సార్," అంది పద్మ, ఏదో తప్పు చేసినట్టు లేచి నిలబడి.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో సంధ్యారాణి, "నీకు గింత వస్తదని ఎప్పుడన్న చెప్తివా?" అంది.

"నాకే ఎరుక లేదు అక్కా!" అని పద్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. సంధ్యారాణి కూడా నవ్వింది. ఆ రోజు ఆ నవ్వులో ఏ కల్మషమూ లేదు. తర్వాతి వారం పద్మ ఫీజు కూడా తనే కట్టింది. తోడికోడలిని ఇంత బాగా ఎవరు చూసుకుంటారని వాడకట్టులో చెప్పుకున్నారు.

చెంబు తర్వాత సొరకాయ, సొరకాయ తర్వాత చెప్పుల జత, ఆ తర్వాత కుర్చీ మీద వేసిన తువ్వాలు. సంధ్యారాణి ఇంటి దగ్గర గంటలు గంటలు సాధన చేసేది. పొద్దున్నే టిఫిన్లు కాగానే గది తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేది. అదివరకు ఇద్దరూ పంచుకునే పని మెల్లగా ఒకవైపుకు ఒరిగింది. కూరలు తరగడం, అత్తకు స్నానం చేయించడం, మధ్యాహ్నం దుకాణానికి పంపే టిఫిన్ డబ్బాలు అన్నీ పద్మ మీద పడ్డాయి. సంధ్యారాణి ఆ సంగతి గమనించనట్టే ఉండిపోయింది. గమనిస్తే లేవాలి కదా.

పద్మకు ఇంట్లో పెన్సిల్ పట్టుకునే తీరికే లేదు. శని, ఆదివారాల్లో ఆ హాల్లో కూర్చుని గీసిందే గీత. అయినా వారం వారం ఆమె చేయి ముందుకు పోతూనే ఉంది. సంధ్యారాణి చేయి మాత్రం శుభ్రంగా, జాగ్రత్తగా ఉన్నచోటే ఉంది.

ఒక రోజు పప్పు మాడింది. ఇల్లంతా వాసన. మల్లవ్వ మంచం మీద నుంచి కేకలు వేసింది. సంధ్యారాణి గదిలోంచి వచ్చి చూస్తే పద్మ సింకు దగ్గర నిలబడి ఉంది.

"ఏం చేస్తానవే?" అంది మల్లవ్వ.

"నీళ్లు చూస్తాన్న అత్తమ్మా," అంది పద్మ. "గిన్నెల వడ్డ ఎండ, కదుల్తాంటె..."

"పిచ్చి గిట్ల లేచిందా?"

సంధ్యారాణి పొయ్యి కట్టేసింది. గదిలోకి వెళ్లి తను గీసిన చెంబుల దొంతర ముందు కూర్చుంది. నీళ్లను అలా చూడాలని ఆమెకు ఒక్కసారి కూడా తోచలేదు.

ఆ ఆదివారం క్లాసు అయ్యాక సార్‌ను పక్కకు పిలిచి అడిగింది. "నా చేతిల ఏం తప్పుంది సార్? దాపరికం లేకుంట చెప్పండి."

"తప్పేం లేదమ్మా. మీరు మంచిగ వేస్తాన్నరు. ఇంకొంచెం చూడాలె."

"ఎంత చూడాలె సార్?"

ఆయన కళ్లద్దాలు తీసి పంచెకు తుడుచుకున్నాడు. తుడిచి పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచాడు. నెమలిని మెచ్చుకున్న ఆ పాత మాస్టర్, నాన్న అన్న మాట, ఇన్నేళ్లుగా నగలా దాచుకున్నదంతా ఆ నిమిషంలో ఆమె లోపల వెలవెలబోయింది. తనను ఎవరూ ఆపకపోయినా ఇంతకు మించి ఏమీ అయ్యేది కాదేమో. ఆపారనే మాట ఒక్కటే తనకు మిగిలిన ఆస్తి. అది కూడా పోయింది.

వానాకాలం మొదలైనప్పుడు సార్ ముఖాలు మొదలుపెట్టాడు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు గీయాలి. సంధ్యారాణి పద్మను గీసింది. పాపిట, బొట్టు, ముక్కుపుడక అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ ఆ బొమ్మ కింద ఏ పేరు రాసినా సరిపోతుంది.

పద్మ గీసిన సంధ్యారాణిని చూడటానికి పిల్లలందరూ లేచి వచ్చారు. "అచ్చం మీలెక్కనే ఉంది మేడం!" అన్నారు. బ్యాంకాయన చప్పట్లు కొట్టాడు.

సంధ్యారాణి చూసింది. కాగితంలో ఉన్నామె కురూపి కాదు. కళ్లద్దాలు, జారిన జుట్టు, భుజం మీద పిన్నుతో సహా తనే. కానీ ఆ కళ్లు ఎదుటి మనిషిని చూడటం లేదు. కొంచెం కిందికి, పక్కకి, ఎదుటి మనిషి కాగితంలోకి చూస్తున్నాయి. పెదవులు నవ్వుకూ నొప్పికీ మధ్య ఎక్కడో బిగుసుకుని ఉన్నాయి.

"మంచిగ రాలేదా అక్కా?" అని అడిగింది పద్మ. ఆ గొంతులో వెటకారం లేదు. చూసింది చూసినట్టు గీసింది, దాని అర్థమేమిటో ఆమె ఆలోచించలేదు. అదే సంధ్యారాణికి ఎక్కువ మండింది.

"మంచిగొచ్చింది. నాకియ్యి, ఫ్రేమ్ కట్టిపిద్దాం," అంది.

కాగితం చుట్టి చేత్తో పట్టుకుని ఆటో ఎక్కింది. దారిలో దాన్ని సీటు వెనక సందులోకి జార్చింది. పోచమ్మమైదాన్ దగ్గర దిగి, ఆటో మలుపు తిరిగాక పద్మ, "అక్కా, కాయితం?" అంది.

"అయ్యో! ఆటోలనే మర్చిపోయిన."

"పోనీ తియ్యి అక్కా. ఇంకోటి గీస్త. నీ మొకం నాకిప్పుడు నోటికొచ్చింది."

తర్వాతి ఆదివారం అందరూ టీ తాగుతుండగా సార్ పద్మను పిలిచాడు. "బిడ్డా, నీకు శని, ఆదివారాలు చాలయి. బుధవారం, శుక్రవారం పొద్దున గూడ రా. రంగులు మొదలుపెడ్దాం. ఫీజు గీజు ఏం వద్దు. నాకొచ్చినదంతా ఎవరికో ఒకరికి అప్పజెప్పాలె గదా. ఇన్నేండ్లకు ఒక మనిషి దొరికింది."

"నేనూ ఉంట గదా, ఈడనే," అంది ఆయన భార్య. "వంట పని అయినంక నిమ్మళంగ రా. మధ్యాహ్నం తిని పోదువు."

అందరి ముందూ అన్న మాటలివి. పద్మ ముఖం ఎర్రబడింది. ఆటోలో సంధ్యారాణి చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇంట్ల నువ్వే అడగాలె. నేనడిగితె మా ఆయన ఇనడు. నీ మాటయితె ఇంటడు."

"అడుగుత," అంది సంధ్యారాణి.

ఆ మర్నాడు దుకాణానికి సెలవు. అన్నదమ్ములిద్దరూ మధ్యాహ్నం ఇంట్లోనే భోజనానికి కూర్చున్నారు. పద్మ వంటింట్లో అప్పడాలు వేయిస్తోంది. సంధ్యారాణి వడ్డిస్తోంది. ఏం చెప్పాలో ముందుగా ఏమీ అనుకోలేదు. నోరు తెరిచాక మాటలు వాటంతట అవే ఒక వరుసలో వచ్చాయి.

"ఆ సార్ పద్మను బుధారం, శుక్కురారం సుత రమ్మంటాండు."

"మిమ్ముల ఇద్దర్నా?" అన్నాడు ఓంప్రకాశ్.

"నన్ను గాదు. పద్మనొక్కదాన్నే." పప్పుచారు గరిటె గిన్నెలో ముంచింది. "ఫీజు సుత వద్దంటాండు."

ఓంప్రకాశ్ చెయ్యి కంచంలో ఆగింది. "ఎందుకు వద్దంటాండు?"

"ఆయన్నే అడగాలె."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. ఆయనకు డెబ్బై దాటాయని చెప్పొచ్చు. ఆయన భార్య పొద్దస్తమానం ఆ హాల్లోనే ఉంటుందని, ఆమే స్వయంగా రమ్మందని, అది నాలుగు వైపులా కిటికీలున్న చోటని, పది మంది ముందు పిలిచి అడిగాడని చెప్పొచ్చు. అవన్నీ నాలుక మీదే ఉన్నాయి. ఆమె భర్త కంచంలో పప్పుచారు పోసి, మరిది కంచంలో కూడా పోసింది.

ఓంప్రకాశ్ అరవలేదు. అన్నం సగంలో వదిలి, చెయ్యి కడుక్కుని వంటింట్లోకి వెళ్లాడు.

"ఇగ నువ్వు ఆడికి పోవుడు బంద్."

"ఎందుకు?"

"ఎందుకో నీకెరుక లేదా? ఒక్కదాన్నే రమ్మంటడు, పైసలు వద్దంటడు. నన్నేమన్న పిచ్చోణ్ననుకుంటానవా?"

అప్పడాల గరిటె కింద పడ్డ చప్పుడైంది. పద్మ వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. ఓంప్రకాశ్ వైపు గానీ, బావ వైపు గానీ, అత్త వైపు గానీ చూడలేదు. నేరుగా సంధ్యారాణిని చూసింది.

"అక్కా, నువ్వన్న చెప్పు."

అందరూ సంధ్యారాణి వైపు తిరిగారు. ఇంకా సమయం ఉంది. ఒక్క మాట చాలు.

"ఆయన వద్దంటాండు గదా పద్మా," అంది సంధ్యారాణి. "నాల్గు రోజులు ఆగు. కోపం తగ్గినంక చూద్దాం."

పద్మ ఇంకా కొంచెంసేపు ఆమెను అలాగే చూసింది. చెంబును చూసినట్టు. తర్వాత లోపలికి వెళ్లి పొయ్యి కట్టేసింది.

శనివారం వచ్చింది. సంధ్యారాణి అట్ట, పెన్సిళ్లు సర్దుకుని ఒక్కతే బయల్దేరింది. ఒక్కదానివే ఎలా పోతావని వెంకట్రాజం అడగలేదు. మల్లవ్వ అడగలేదు. మొదటి రోజు తోడెందుకు కావలసి వచ్చిందో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

"పద్మ ఏది?" అన్నాడు సార్, ఆమె ఇంకా మెట్లెక్కుతుండగానే.

"వాళ్లాయనకు ఇష్టం లేదు సార్."

"నేనొచ్చి మాట్లాడాల్నా?"

"వద్దు సార్. ఇంక ఎక్కువైతది."

ఆయన భార్య పూలు కడుతున్న చెయ్యి ఆపింది. "నేను ఉంటనని చెప్పినవా అమ్మా ఇంట్ల?"

"చెప్పిన."

ఈ విషయంలో అదొక్కటే అబద్ధం. దాన్ని ఆమె అనుకున్నంత కష్టపడకుండానే చెప్పగలిగింది.

సార్ ఆ తర్వాత ఆమె దగ్గర ఎక్కువసేపే కూర్చునేవాడు. "బాగుంది" అనేవాడు. ఆమె వెనక మాత్రం ఎప్పుడూ ఆగలేదు. కిటికీ దగ్గరికి ఏ కాగితమూ తీసుకెళ్లలేదు.

చలికాలం రాగానే సంధ్యారాణి ఒక డ్రాయింగ్ ప్యాడ్, పెన్సిళ్ల పెట్టె కొని తెచ్చింది. పద్మ పెరట్లో ఎండకు కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. వాటిని ఆమె పక్కన పెట్టింది.

"ఇంట్లనే గీసుకో. ఎవరేమంటరు?"

పద్మ వాటిని చూసింది, ముట్టుకోలేదు. "వద్దక్కా."

"ఎందుకు? ఓంప్రకాశ్‌కు నేను చెప్త."

"ఆయనకు నువ్వు చెప్పవలసినప్పుడు చెప్పలేదు గదక్కా." గొంతు పెంచలేదు. కాయ వలిచి గింజలు గిన్నెలో వేసింది. "ఫీజు మాట నువ్వు ఎట్ల చెప్పినవో నేను వంటింట్లకెల్లి ఇన్న. ఆ అమ్మ ఉంటదని చెప్తవేమో, చెప్తవేమోనని నిలవడ్డ. అప్పడం నల్లగైంది."

సంధ్యారాణి పెన్సిళ్ల పెట్టె మూత తీసి మళ్లీ పెట్టింది.

"దానికి సుత నాకు కోపం లేదు," అంది పద్మ. "ముందుగాల నాకు ఏది కనవడకపోయేది. గిన్నె తోమితె గిన్నె తోమినట్టే, అయిపోయేది. ఇప్పుడు గిన్నె కనవడ్తాంది. మెట్ల మీద నీడ కనవడ్తాంది. అత్తమ్మ కాళ్లు పిసుకుతాంటె ఆ నరాలు కనవడ్తానయి. గీయనీకి లేదు, చూడకుంట ఉండనీకి లేదు. నువ్వు నన్ను ఆడికి తోలుకపోకుంటెనే మంచిగుండు."

సంధ్యారాణి ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. పద్మ తిట్టి ఉంటే, ఆ గిన్నె విసిరేసి ఉంటే, తనూ తిరిగి ఏదైనా అనేది. పద్మ చిక్కుడు తొక్కలు చాటలోకి ఎత్తి లేచింది.

"అత్తమ్మకు గోలీ ఇచ్చే టైం అయింది," అని లోపలికి వెళ్లింది. ప్యాడ్, పెన్సిళ్లు సాయంత్రం దాకా ఎండలోనే ఉన్నాయి. తర్వాత సంధ్యారాణే వాటిని తీసుకెళ్లి వాడుకుంది.

ఆమె రెండో కోర్సులో చేరింది. రంగులు నేర్చుకుంది. ఓపిక ఉన్న మనిషి కనుక చేయి మెరుగుపడింది. ఏడాది చివర సార్ అందరి బొమ్మలూ హాలు గోడలకు పెట్టినప్పుడు వెంకట్రాజం వచ్చాడు. భార్య గీసిన బంతిపూల గుత్తి ముందు నిలబడి ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. తనే ఫ్రేమ్ కట్టించి, ఒకప్పుడు మగ్గాలున్న ముందు గదిలో సోఫా పైన వేలాడదీశాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపించేవాడు. "మా ఆమెనే. గీ వయసుల నేర్చుకుంది," అనేవాడు. నవ్విన సంగతి మర్చిపోయాడు.

ఇంట్లో ఇద్దరూ ఎప్పటిలాగే ఉన్నారు. పద్మ ఆమెను అక్కా అనే పిలుస్తుంది. కూర ఏం చేయమంటావని అడుగుతుంది. చీర కుచ్చిళ్లు సరిచేస్తుంది. మాట్లాడేటప్పుడు మాత్రం ఆమె ముఖం వైపు చూడదు. చెవి దగ్గరో భుజం దగ్గరో చూసి మాట్లాడుతుంది. ఇంట్లో వేరెవరికీ అది తెలియలేదు.

ఒక రోజు దుకాణానికి సూరత్ సరుకు పంపే ఏజెంటు భార్యతో సహా ఇంటికి వచ్చాడు. ఆమెకు బంతిపూలు చాలా నచ్చాయి. లేచి దగ్గరికి వెళ్లి చూసింది. అప్పుడే పద్మ టీ ట్రేతో వచ్చింది.

"ఎవరు గీసిండ్రమ్మా ఇది? నువ్వా?"

"మా అక్క," అంది పద్మ, కప్పులు ఒక్కొక్కటే బల్ల మీద పెడుతూ.

"ఎంత మంచిగ గీసింది! నీకు సుత వస్తదా?"

"నాకు రాదు."

ఓంప్రకాశ్ ఫోన్ చూసుకుంటున్నాడు. వెంకట్రాజం నవ్వుతున్నాడు. ఆ ఆడమనిషి సంధ్యారాణి వైపు తిరిగి, మీ చెల్లెకు గూడ నేర్పకపోయారా అంది.

సంధ్యారాణి కప్పు అందుకుని, టీలో చక్కెర సరిపోయిందా అని ఆమెను అడిగింది.